అప్‌స్ట్రీమ్ పేరు మారితే ప్యాకేజీని ఎలా మార్చాలి: డెబియన్, ఫెడోరా ప్యాకేజర్లకు సమగ్ర మార్గదర్శి

నెట్‌వర్క్ ట్రాఫిక్ చూపించే ఈథీరియల్ 2006లో వైర్‌షార్క్ అయింది. చాట్ ప్రోగ్రాం గెయిమ్ 2007లో పిడ్జిన్ అయింది. రెండూ ట్రేడ్‌మార్క్ చిక్కుల వల్ల మారినవే. అసలు ప్రోగ్రాం రాసే డెవలపర్లు, అంటే అప్‌స్ట్రీమ్ వాళ్లు, కొత్త వెబ్‌సైటు పెట్టి, కొత్త లోగో వేసి, ప్రకటన ఇస్తే వాళ్ల వైపు పని అయిపోతుంది. ఆ ప్రకటన కంటపడని వాళ్ల కంప్యూటర్లలో ఏం జరగాలో చూసుకోవాల్సింది ఆ ప్రోగ్రాంని డెబియన్, ఫెడోరా లాంటి లైనక్స్ డిస్ట్రిబ్యూషన్లకి ప్యాకేజీ చేసేవాళ్లే.

మన గోదావరి డెల్టాలో లైనక్స్ నడిచే మిషన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి తలుచుకోండి. భీమవరం, అమలాపురం వైపు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులు, పాలకొల్లులోనో తణుకులోనో పెళ్లికార్డులు వేసే డీటీపీ షాపు, చెరువుల దగ్గర షెడ్డులో పెట్టిన చిన్న బోర్డు. ల్యాబుల్లో అప్‌గ్రేడ్ అంటే కాలువలు కట్టేసిన వేసవిలో, పిల్లలకి సెలవులిచ్చాక, అన్నీ ఒకేసారి. రిలీజ్ నోట్స్ ఎవరూ చదవరు. చదివి తీరాలని మనం ఆశించకూడదు కూడా. అప్‌గ్రేడ్ కొట్టిన మర్నాడు నిన్నటి పని నిన్నటిలాగే సాగాలి, అంతే.

అంతా ఒకే ఉదాహరణ మీద నడుపుదాం. ‘రొయ్యడైరీ’ అని ఒక ప్రోగ్రాం ఉందనుకోండి, ఇది కల్పితం. చెరువులో పెట్టిన సెన్సార్ల నుంచి కరిగిన ఆక్సిజన్, పీహెచ్, నీటి వేడి రాత్రింబవళ్లు నమోదు చేస్తూ, ఆక్సిజన్ తగ్గితే ఫోన్‌కి మెసేజ్ పంపే సర్వీసు అది. చివరి వెర్షన్ 4.2. అప్‌స్ట్రీమ్ వాళ్లు పేరు ‘చెరువుబుక్’ అని మార్చి, లెక్క మళ్లీ 1.0 నుంచి మొదలుపెట్టారు. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే కిందికి పడేది తెల్లవారుజామున. అప్‌గ్రేడ్ చేసిన రాత్రి ఆ సర్వీసు లేవకపోతే ఏరేటర్లు వేయమని చెప్పే మెసేజ్ రాదు, పొద్దున్నకి వనామి రొయ్య చచ్చి పైకి తేలుతుంది. పేరు మార్పుని ఇంత సీరియస్‌గా ఎందుకు తీసుకోవాలో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఫీల్డ్ల పేర్లు, కమాండ్లు ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. ఫైళ్లలో వాటి ఇంగ్లీషు స్పెల్లింగే ఉండాలి.

1. ఇది నిజంగా పేరు మార్పేనా?

ముందు ఇది తేల్చుకోకపోతే తర్వాత చేసేదంతా తప్పు దారిలో పోతుంది. పాత పేరుతో ప్రాజెక్టు ఆగిపోయి, అదే కోడు, అదే టీమ్ కొత్త పేరుతో సాగితే అది పేరు మార్పు. లిబ్రేఆఫీస్ అలాంటిది కాదు. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి చీలి వచ్చింది, పాతది కూడా బతికే ఉంది. 2024లో రెడిస్ డేటాబేస్ లైసెన్స్ మారినప్పుడు పుట్టిన వాల్కీ కూడా చీలికే. అయినా ఫెడోరా 41లో రెడిస్ స్థానంలో వాల్కీని పెట్టారు. అంటే చీలికను కూడా పేరు మార్పులాగే నడిపించవచ్చు. కానీ అది డిస్ట్రిబ్యూషన్ తెలిసి తీసుకోవాల్సిన నిర్ణయం, ఒక ప్యాకేజర్ రాత్రికి రాత్రి చేసేది కాదు.

ఇంకో రకంలో పేరు మార్చేది మనమే. మొజిల్లాతో ట్రేడ్‌మార్క్ తేడా వచ్చి డెబియన్ 2006లో ఫైర్‌ఫాక్స్‌ని ఐస్‌వీజెల్ అని మార్చింది, 2016లో తిరిగి పాత పేరుకే వచ్చింది. తెలుగు ఫాంట్లు చూసేవాళ్లకి ఇది దగ్గరి సంగతే. ఓపెన్ ఫాంట్ లైసెన్సులో రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్ అని ఒక షరతు ఉంటుంది. అలా పేరు కాపాడుకున్న ఫాంట్‌లో ఒక ఒత్తు సరిచేసి పంచాలన్నా, పేరు మార్చే పంచాలి.

అప్‌స్ట్రీమ్‌ని మూడు ప్రశ్నలు అడగండి. కొత్త ప్రోగ్రాం పాత డేటాని చదువుతుందా? పాత కాన్ఫిగ్ ఫైలుని ఒప్పుకుంటుందా? పాత కమాండ్ ఆప్షన్లన్నీ పనిచేస్తాయా? మూడింటికీ అవును అంటే మిగతా పని సులువు. ఒక్కదానికి కాదన్నా, అప్‌గ్రేడ్‌లో దానంతట అదే మారిపోయే ఏర్పాటు చేసే ముందు ఆగి ఆలోచించండి.

2. కొత్త పేరు ఖాళీగా ఉందా?

డిస్ట్రిబ్యూషన్ రిపోలో (ప్యాకేజీలన్నీ ఉండే చోటు) వెతకండి. ప్యాకేజీ పేర్లే కాదు, కమాండ్ పేర్లూ వెతకాలి. గిట్ అంటే ఇవాళ అందరికీ ఒకటే తెలుసు గానీ, డెబియన్‌లో ఆ పేరు మొదట గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్ అనే ఫైల్ మేనేజర్‌ది. అందుకే లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ చాలాకాలం గిట్-కోర్ పేరుతో ఉంది. పాతది గ్నూఇట్‌గా మారాకే అసలు పేరు దీనికి దక్కింది. నోడ్ జేఎస్ కథ ఇంకా ముదిరింది. నోడ్ అనే కమాండ్ అప్పటికే హ్యామ్ రేడియో వాళ్ల ప్యాకేజీలో ఉండడంతో, తగువు 2012లో డెబియన్ టెక్నికల్ కమిటీ దాకా వెళ్లింది.

పేరు ఖాళీ లేకపోతే అవతలి ప్యాకేజర్‌కి ముందే రాసి మాట్లాడుకోండి. కాన్‌ఫ్లిక్ట్స్ అని ఒక లైను రాసేసి తప్పించుకోవడం పద్ధతి కాదు. సంబంధం లేని రెండు ప్రోగ్రాంలు ఒకే మిషన్‌లో ఉండలేని పరిస్థితి యూజర్‌కి తెచ్చిపెట్టకూడదు.

3. ఏది మార్చాలి, ఏది వదిలేయాలి

పేరు అనేది ఒక్క చోట ఉండదు. సోర్స్ ప్యాకేజీ (కోడు), బైనరీ ప్యాకేజీ (యూజర్ ఇన్‌స్టాల్ చేసేది), కమాండ్, సిస్టమ్‌డీ యూనిట్ (సర్వీసుని ఎలా నడపాలో చెప్పే ఫైలు), సిస్టమ్ యూజర్, ఈటీసీ కింద కాన్ఫిగ్, వార్-లిబ్ కింద డేటా, లాగ్ ఫైలు, లైబ్రరీ, డెస్క్‌టాప్ ఫైలు. ఈ జాబితా కాగితం మీద రాసుకుని ఒక్కోదాని పక్కన మార్చాలో వద్దో రాయండి.

నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: యూజర్ కంటికి కనిపించేవి మార్చండి, లోపలివి వదిలేయండి. 2015లో రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయింది, రైలు టికెట్ మీద స్టేషన్ కోడ్ మాత్రం ఆర్‌జేవై గానే ఉంది, ఎవరి ప్రయాణమూ ఆగలేదు. అలాగే చెరువుబుక్ సర్వీసు రొయ్యడైరీ అనే సిస్టమ్ యూజర్ పేరుతో నడిచినా, డేటా పాత డైరెక్టరీలోనే ఉన్నా నష్టం లేదు. వాటిని మార్చబోతే ఫైళ్ల ఓనర్‌షిప్, బ్యాకప్ స్క్రిప్టులు, టైమ్ ప్రకారం నడిచే క్రాన్ పనులు అన్నీ కదులుతాయి. పైథాన్‌లో బొమ్మలతో పనిచేసే పిల్లో లైబ్రరీ వచ్చి ఏళ్లు గడిచినా కోడులో ఇంపోర్ట్ చేసేది పీఐఎల్ అనే పాత పేరునే. ఆ ఒక్క నిర్ణయం వల్ల లెక్కలేనన్ని ప్రోగ్రాంలు విరక్కుండా నిలిచాయి.

4. డెబియన్ కంట్రోల్ ఫైలు

ప్యాకేజీ వివరాలన్నీ రాసేది కంట్రోల్ ఫైలులో. కొత్త సోర్స్ నుంచి రెండు బైనరీలు రావాలి. ఒకటి చెరువుబుక్, అసలు సరుకు. రెండోది రొయ్యడైరీ, ఖాళీ ట్రాన్సిషనల్ ప్యాకేజీ, అంటే పాత పేరుతో ఉన్నవాళ్లని కొత్తదానికి చేర్చడానికే ఉండేది.

ఖాళీదానిలో ఇవి ఉండాలి. ఆర్కిటెక్చర్: ఆల్. సెక్షన్: ఓల్డ్‌లిబ్స్. డిపెండ్స్: చెరువుబుక్. డిస్క్రిప్షన్‌లో ఇది ట్రాన్సిషనల్ ప్యాకేజీ అనీ, తీసేసినా ఇబ్బంది లేదనీ స్పష్టంగా రాయాలి. ఓల్డ్‌లిబ్స్ సెక్షన్ ఏదో అలంకారానికి పెట్టేది కాదు. యూజర్ చేత్తో ఇన్‌స్టాల్ చేసుకున్నాడన్న గుర్తుని ఆప్ట్ ఆ సెక్షన్ చూసే కొత్త ప్యాకేజీకి బదిలీ చేస్తుంది. అది మర్చిపోతే, యూజర్ ఖాళీ ప్యాకేజీని తీసేసి ఆటోరిమూవ్ (అక్కర్లేని ప్యాకేజీల్ని తీసే కమాండ్) కొట్టిన రోజున చెరువుబుక్ కూడా పోతుంది.

చెరువుబుక్‌లో రెండు లైన్లు: బ్రేక్స్, రీప్లేసెస్. రెండింటిలోనూ రొయ్యడైరీ పేరు, పక్కన ‘ఈ వెర్షన్ కంటే తక్కువ’ అన్న షరతు. పాత ప్యాకేజీ ఫైళ్లని కొత్తది తన కిందికి తెచ్చుకోవడానికి రీప్లేసెస్ కావాలి. పాతది సగం అప్‌గ్రేడ్ అయిన స్థితిలో మిగిలిపోకుండా బ్రేక్స్ కావాలి. వెర్షన్ షరతు లేకుండా రాస్తే మీ ఖాళీ ప్యాకేజీ కూడా ఆ బ్రేక్స్‌లో పడి ఇన్‌స్టాల్ కాకుండా పోతుంది. వెర్షన్ చివర టిల్డా గుర్తు పెట్టండి, బ్యాక్‌పోర్ట్ చేసేవాళ్లకి (కొత్త ప్యాకేజీని పాత రిలీజ్‌కి తెచ్చేవాళ్లకి) అవసరం.

ప్రొవైడ్స్ (పాత పేరు పని నేనూ చేస్తాను) అని ఒక్క లైను పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. ఇప్పటికే రొయ్యడైరీ 4.2 ఉన్న మిషన్‌లో ఆప్ట్‌కి కొత్తదాన్ని తెచ్చే కారణమే కనిపించదు. పాతది అలాగే కూర్చుంటుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, ఎర్రర్ కూడా రాదు.

5. వెర్షన్ నంబర్ దగ్గర జాగ్రత్త

కొత్త సోర్స్ 1.0. దాన్నుంచి పుట్టే ఖాళీ రొయ్యడైరీ వెర్షన్ కూడా మామూలుగా 1.0 అవుతుంది. కానీ యూజర్ దగ్గర ఉన్నది 4.2. ఆప్ట్ దృష్టిలో మీరు పంపింది పాత సరుకు, ముట్టుకోదు. బిల్డ్ బాగానే అవుతుంది, ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ పెద్దగా గొడవ చేయదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అంతా పనిచేస్తుంది. అప్‌గ్రేడ్ ఒక్కటే జరగదు. అందుకే ఇది టెస్టింగ్‌లో దొరక్కుండా తప్పించుకుంటుంది.

మందు రెండు రకాలు. మొత్తం సోర్స్‌కి ఈపాక్ (వెర్షన్ ముందు పెట్టే, అన్నిటికంటే ముందు పోల్చే అంకె) పెట్టడం ఒకటి. నేను వద్దంటాను, ఎందుకంటే ఒకసారి పెట్టిన ఈపాక్ ఆ ప్యాకేజీని ఎప్పటికీ వదలదు. రెండోది, బిల్డ్ ఎలా జరగాలో చెప్పే రూల్స్ ఫైలులో, కంట్రోల్ వివరాలు తయారుచేసే డీహెచ్-జెన్‌కంట్రోల్‌ని రొయ్యడైరీ కోసం విడిగా పిలిచి, వెర్షన్ ఆప్షన్‌తో దానికి మాత్రమే పెద్ద నంబర్ ఇవ్వడం. ‘4.2+రియలీ1.0’ లాంటి రూపం ఇస్తే చూసినవాళ్లకి సంగతి అర్థమవుతుంది. బ్రేక్స్, రీప్లేసెస్ లైన్లలో పోల్చాల్సింది కూడా ఈ రొయ్యడైరీ నంబర్‌తోనే, 1.0తో కాదు.

6. సర్వీసు, డేటా: అన్నిటికంటే ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి

యూనిట్ పేరు మారిందనుకుందాం. అప్‌గ్రేడ్‌లో పాత యూనిట్ ఫైలు డిస్క్ మీంచి పోతుంది. కానీ పాత డీమన్ (సర్వీసు ప్రాసెస్) మెమరీలో నడుస్తూనే ఉండొచ్చు, ఎందుకంటే ప్యాకేజీ స్క్రిప్టులు తయారుచేసే ఇప్పటి డెబ్‌హెల్పర్ అప్‌గ్రేడ్ సమయంలో సర్వీసుని ముందే ఆపదు. కొత్త సర్వీసు లేచి అదే పోర్టు అడుగుతుంది, దొరకదు, పడిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో కరెంటు పోయి వచ్చేదాకా ఈ సంగతి ఎవరికీ తెలియదు. కాబట్టి కొత్త ప్యాకేజీ ప్రీఇన్‌స్ట్ (ఇన్‌స్టాల్‌కి ముందు నడిచే) స్క్రిప్టులోనే పాత సర్వీసుని ఆపండి.

అదే స్క్రిప్టులో, ఆపేముందు, పాత సర్వీసు ఎనేబుల్ అయి (బూట్‌లో దానంతటదే లేచేలా) ఉందా లేదా అని సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌ని అడిగి ఆ జవాబు దాచుకోండి. డెబియన్‌లో కొత్త సర్వీసు ఎలాగూ ఎనేబుల్ అవుతుంది. ఓనరు కావాలని డిసేబుల్ చేసుకున్న మిషన్‌లో కూడా అది లేచి కూర్చుంటే ఆయన మాటకి విలువ లేకుండా చేసినట్టే. యూనిట్ ఫైలు ఇన్‌స్టాల్ భాగంలో ఏలియాస్‌గా పాత యూనిట్ పేరు ఇస్తే, పాత పేరుతో రీస్టార్ట్ కొట్టే స్క్రిప్టులు కూడా నడుస్తాయి.

ఇక డేటా. మామూలుగా సర్వీసు ప్యాకేజీలు పర్జ్ చేసినప్పుడు (కాన్ఫిగ్‌తో సహా పూర్తిగా తీసేసినప్పుడు), తీసేశాక నడిచే పోస్ట్‌ఆర్‌ఎం స్క్రిప్టు వార్-లిబ్ కింద డేటా తుడిచేస్తుంది. ఇప్పుడు ఇలా ఊహించండి. ఒకాయన రొయ్యడైరీని రిమూవ్ చేసి, తర్వాత చెరువుబుక్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్నాడు. ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీ లిస్టులో రొయ్యడైరీ పక్కన ‘ఆర్‌సీ’ అని కనిపిస్తుంది. ప్యాకేజీ పోయింది, కాన్ఫిగ్ మిగిలింది అని దానర్థం. పాత పోస్ట్‌ఆర్‌ఎం ఇంకా మిషన్‌లోనే ఉంది. ఆరునెలల తర్వాత ఎవరో శుభ్రం చేద్దామని ఆర్‌సీ లో ఉన్నవన్నీ పర్జ్ చేస్తారు. ఆ స్క్రిప్టు నడిచి, చెరువుబుక్ వాడుతున్న డైరెక్టరీని, రెండు పంటల రికార్డుతో సహా, తుడిచేస్తుంది.

ట్రాన్సిషనల్ ప్యాకేజీ ద్వారా అప్‌గ్రేడ్ అయిన మిషన్లలో ఈ ప్రమాదం లేదు. ఖాళీ ప్యాకేజీ వచ్చినప్పుడు పాత పోస్ట్‌ఆర్‌ఎం స్థానంలో దానిదే వస్తుంది, అందులో ఏమీ రాయకపోతే ఏమీ తుడవదు. ఖాళీ ప్యాకేజీ అనవసరం అనుకుని మానేసేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఇంకా ముందుచూపు కావాలంటే, పాత పేరుతో వెళ్లే చివరి అప్‌డేట్‌లో పోస్ట్‌ఆర్‌ఎంకి ఒక పరీక్ష చేర్చండి: చెరువుబుక్ ఇన్‌స్టాల్ అయి ఉంటే డేటా ముట్టుకోవద్దని.

కాన్ఫిగ్ ఫైలు పాత దారిలోనే ఉంచగలిగితే ఉంచండి. ఒకే ప్యాకేజీలో దారి మారితే మెయింట్‌స్క్రిప్ట్ ఫైలులో ఎంవీ-కాన్‌ఫైల్ అని ఒక లైను చాలు. ప్యాకేజీ, దారి రెండూ మారితే చిక్కు ఎక్కువ. ఓనరు చేత్తో మార్చిన ఫైలుతో ప్రత్యేకంగా పరీక్షించకుండా అప్‌లోడ్ చేయొద్దు.

అన్ని స్క్రిప్టులూ రెండోసారి నడిచినా చెడిపోకుండా రాయండి. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోవడం మన ఊళ్లలో రోజూ ఉండేదే. డీపీకేజీ కాన్ఫిగర్ మళ్లీ కొట్టినప్పుడు ‘డైరెక్టరీ ఇప్పటికే ఉంది’ అని స్క్రిప్టు చచ్చిపోకూడదు.

7. ఆర్పీఎం వైపు

ఫెడోరా వాడే ప్యాకేజీ పద్ధతి ఆర్పీఎం. అక్కడ ఖాళీ ప్యాకేజీ అక్కర్లేదు. కొత్త స్పెక్ ఫైలులో (ప్యాకేజీ ఎలా కట్టాలో రాసేది) రెండు లైన్లు ఉంటాయి. అబ్సొలీట్స్: రొయ్యడైరీ, చివరగా వెళ్లిన వెర్షన్ కంటే ఒక రిలీజ్ ఎక్కువ దానికంటే తక్కువ. ప్రొవైడ్స్: రొయ్యడైరీ, సమానం గుర్తుతో ఒక వెర్షన్, అది అబ్సొలీట్స్‌లో రాసిన దానికి తగ్గకూడదు. చివరిది 4.2-3 అయితే అబ్సొలీట్స్‌లో 4.2-4 కంటే తక్కువ అని రాయాలి. 4.2-3 అనే రాస్తే, డిస్ట్ ట్యాగ్ (ఏ ఫెడోరా రిలీజో చెప్పే తోక) తగిలించుకున్న అసలు ప్యాకేజీ దానికంటే పెద్దదైపోయి పట్టుబడదు. కొత్తది పాతదాని పని పూర్తిగా చేయలేకపోతే ప్రొవైడ్స్ రాయొద్దు.

అసలు గుంట స్క్రిప్టుల వరుసలో ఉంది. ఆర్పీఎం ముందు కొత్తదాన్ని పెట్టి, దాని పోస్ట్ స్క్రిప్టు నడిపి, ఆ తర్వాత పాతదాన్ని తీస్తుంది. పాతదానికి ఇది అప్‌గ్రేడ్ అని తెలియదు, తనని పూర్తిగా తీసేస్తున్నారనే అనుకుంటుంది. దాని ప్రీఅన్ (తీసేముందు నడిచే) స్క్రిప్టులో ఉన్న సిస్టమ్‌డీ మాక్రో సర్వీసుని ఆపి డిసేబుల్ చేస్తుంది. యూనిట్ పేరు మీరు మార్చకుండా ఉంచితే, అది ఆపేది మీ కొత్త సర్వీసునే! ఇందుకే ఎనేబుల్ స్థితిని ప్రీ స్క్రిప్టులో ఒక ఫైలులో రాసుకుని, అన్నీ అయ్యాక నడిచే పోస్ట్‌ట్రాన్స్‌లో దాన్ని తిరిగి నిలబెట్టాలి. కాన్ఫిగ్ దారి మారితే ఓనరు మార్చిన పాత ఫైలు ఆర్పీఎంసేవ్ అనే తోకతో మిగులుతుంది, దాన్ని కొత్త చోటికి తేవడం కూడా ఆ దశలోనే.

ఫెడోరాలో పేరు మారిన ప్యాకేజీకి మళ్లీ రివ్యూ కావాలి. అది అయ్యాకే పాతదాన్ని రిటైర్ చేయండి.

8. కమాండ్, మెనూ, ఫాంట్

పాత కమాండ్‌ని కొత్తదానికి సిమ్‌లింక్‌గా ఒక రిలీజ్ దాకా ఉంచండి. ‘పేరు మారింది’ అని హెచ్చరిక ఇవ్వాలంటే స్టాండర్డ్ ఎర్రర్‌కి పంపండి. మామూలు అవుట్‌పుట్‌కి పంపితే ఆ అంకెల్ని చదువుకునే స్క్రిప్టులు తలకిందులవుతాయి. మ్యాన్ పేజీకి కూడా లింకు ఇవ్వండి. డెస్క్‌టాప్ ఫైలు పేరు మారితే ప్యానెల్‌లో పిన్ చేసుకున్న ఐకాన్ మాయమవుతుంది. సాఫ్ట్‌వేర్ స్టోర్లు చదివే యాప్‌స్ట్రీమ్ మెటాడేటాలో పాత ఐడీని ప్రొవైడ్స్ కింద చేర్చండి.

ఫాంట్ల విషయం మనవాళ్లకి నేరుగా తగులుతుంది. డెబియన్‌లో టీటీఎఫ్ అని మొదలయ్యే ఫాంట్ ప్యాకేజీలు చాలావరకు ఫాంట్స్ అని మొదలయ్యేలా మారినప్పుడు, ‘టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్’ పేరు ‘ఫాంట్స్-తెలు’ అయింది. పోతన, వేమన ఫాంట్లు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రాలో ఉన్నాయి. అక్కడ మారింది ప్యాకేజీ పేరే, ఫాంట్ లోపలి ఫ్యామిలీ పేరు కాదు. డాక్యుమెంటులో సేవ్ అయ్యేది ఫ్యామిలీ పేరు. అదే గనక మారితే, డీటీపీ షాపులో నిరుటి పెళ్లికార్డు ఫైలు తెరిచినప్పుడు వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. లైన్లు విరిగే చోటు మారుతుంది, ఒకే పేజీలో సరిపోయిన శుభలేఖ రెండో పేజీలోకి జారుతుంది. ఫ్యామిలీ పేరు మార్చక తప్పకపోతే, పాత పేరు అడిగితే కొత్తది ఇచ్చేలా ఫాంట్‌కాన్ఫిగ్ ఏలియాస్ రూల్ ఒకటి ప్యాకేజీలోనే పెట్టండి. బైండింగ్ సేమ్ అని ఇవ్వడం మర్చిపోవద్దు.

9. పరీక్ష

కొత్తగా ఇన్‌స్టాల్ చేసి చూసి సరే అనుకోవద్దు. పాత స్టేబుల్ రిలీజ్‌తో ఒక క్రూట్ (ఒక డైరెక్టరీలో పెట్టిన విడి సిస్టమ్) గానీ వర్చువల్ మిషన్ గానీ చేసుకుని, రొయ్యడైరీ 4.2 వేసి, కాన్ఫిగ్‌లో ఒక లైను మార్చి, కాసేపు డేటా రానిచ్చి, అప్పుడు అప్‌గ్రేడ్ చేయండి. సర్వీసు సంగతి చూడాలంటే వర్చువల్ మిషనే కావాలి. తర్వాత ఇవి చూడండి: మీరు మార్చిన లైను ఉందా, పాత డేటా కనిపిస్తోందా, రీబూట్ చేశాక సర్వీసు లేస్తోందా, ఖాళీ ప్యాకేజీని పర్జ్ చేశాక కూడా డేటా ఉందా, ఆటోరిమూవ్‌లో చెరువుబుక్ పేరు రాకుండా ఉందా. సర్వీసు డిసేబుల్ చేసి ఉంచిన మిషన్ మీద కూడా ఒకసారి. మధ్యలో ప్రాసెస్‌ని చంపి ఇంకోసారి. పియుపార్ట్స్ అనే పరీక్ష టూల్ దీనిలో కొంత తనే చేస్తుంది, కానీ డేటా మిగిలిందో లేదో అది చూడదు.

ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ కొత్త ప్యాకేజీలు తేదు, ఖాళీ ప్యాకేజీని ఆపి ఉంచుతుంది. ఆప్ట్ అప్‌గ్రేడ్ తెస్తుంది. ల్యాబుల్లో పాత స్క్రిప్టులు మొదటిదే వాడుతుంటాయి కాబట్టి ఆ సంగతి న్యూస్ ఫైలులో రాయండి.

ఆర్చ్ లైనక్స్‌లో ప్రొవైడ్స్, కాన్‌ఫ్లిక్ట్స్, రీప్లేసెస్ మూడూ కావాలి, రీప్లేసెస్ పూర్తి సిస్టమ్ అప్‌గ్రేడ్‌లో మాత్రమే పనిచేస్తుంది. జెంటూ లైనక్స్‌లో ప్రొఫైల్స్ కింద అప్‌డేట్స్ డైరెక్టరీలోని ఫైలులో మూవ్ అని ఒక లైను రాస్తే యూజర్ మిషన్లలో పేరు మారుతుంది.

10. ఆధారపడిన ప్యాకేజీలు, చివరి శుభ్రం

పాత పేరు మీద ఆధారపడినవాటిని ఆప్ట్-క్యాష్ ఆర్‌డిపెండ్స్‌తో గానీ, డీఎన్ఎఫ్ రిపోక్వెరీతో గానీ తీయండి. బిల్డ్-డిపెండ్స్ విడిగా వెతకాలి. ఒక్కోదానికి ప్యాచ్‌తో సహా బగ్ పెట్టండి. ‘మార్చండి’ అని ఊరికే రాస్తే నెలలు గడుస్తాయి. డెబియన్‌లో పాత సోర్స్‌ని తీసేయమని రిపో చూసుకునే ఎఫ్‌టీపీ టీమ్‌కి విడిగా బగ్ పెట్టాలి, పాత పేరు కింద తెరిచి ఉన్న బగ్గుల్ని కొత్త పేరుకి రీఅసైన్ చేయాలి, అప్‌స్ట్రీమ్ కొత్త వెర్షన్ వచ్చిందో చూసే వాచ్ ఫైలులో కొత్త చిరునామా పెట్టాలి.

ఖాళీ ప్యాకేజీని కనీసం ఒక స్టేబుల్ రిలీజ్ పూర్తిగా దాటనివ్వండి. పాలసీకిట్-1 పేరు ఇలాగే 2023లో వచ్చిన బుక్‌వర్మ్‌లో ఖాళీ ప్యాకేజీగా మిగిలి, వెనక పోల్‌కిట్‌డీ, పీకేఎగ్జెక్ అని రెండుగా విడిపోయింది. తీసే రోజున మొదట ఆర్‌డిపెండ్స్ ఇంకోసారి చూడండి, పాత పేరు ఎవరూ అడగట్లేదంటేనే కంట్రోల్ ఫైలులో ఆ భాగం తీయండి. బ్రేక్స్, రీప్లేసెస్ లైన్లని మాత్రం ఇంకో రిలీజ్ దాకా ఉంచండి.